మంజులమ్మ వంట, శివప్ప గుండె

సూళగిరి చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్లి కుదిరినా, మంటపం మాట్లాడుకున్న వెంటనే మంజులమ్మకు కబురు వచ్చేది. ఇటు హోసూరు, అటు కృష్ణగిరి, పైన డెంకణికోట అడవి అంచు ఊళ్ల దాకా ఆమె వంట తినని చుట్టరికం తక్కువ. ఒబ్బట్లు ఆమె తట్టినవే కావాలి. కందిబేడలు ఉడికిన నీళ్లతో ఆమె పెట్టే ఒబ్బట్టు సారు కోసం పెద్దవాళ్లు సైతం రెండోసారి అన్నం వేయించుకునేవారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. మంటపం వెనక ఆమె అరిస్తే ముందున్న మేళగాళ్లు వాయించడం ఆపి తిరిగి చూసేవాళ్లని జనం నవ్వుకునేవారు.

ఆమె భర్త శివప్ప దానికి పూర్తిగా వేరు. మాట తక్కువ మనిషి. చాలా ఏళ్లు బండల క్వారీలో పనిచేసి, నడుము పట్టేసి, ఆ పని మానుకుని భార్య వెంట వంటలకు వచ్చాడు. చిన్న టెంపోలో పెద్ద వంట అండాలు ఎక్కించడం, దించడం, పొయ్యిల కింద మంట చూసుకోవడం, అన్నం వార్చడం అతని పని. నడుము నొప్పి మాత్రం వదల్లేదు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర వేసుకుని పనిలో దిగేవాడు. బీపీ ఉందని ఒకసారి ఎవరో చెప్పారు. తల తిరగడం లేదు కదా అని దాన్ని పట్టించుకోలేదు.

ఒక ఎండాకాలం పాదాలు ఉబ్బాయి. అన్నం చూస్తే వాంతి వచ్చింది. కృష్ణగిరి ఆసుపత్రిలో చూసి, బీపీకి, నొప్పి మాత్రలకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి, డయాలసిస్ తప్పదన్నారు. ఎడమ చేతికి చిన్న ఆపరేషన్ చేసి, సూది గుచ్చడానికి వీలుగా రక్తనాళాలు కలిపారు. అప్పటినుంచి సోమ, బుధ, శుక్రవారాలు శివప్ప మిషను పక్కన మంచం మీద, మంజులమ్మ బయట బెంచీ మీద.

మొదట్లో ఆమె బెదరలేదు. ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో ఆసుపత్రిలో చెప్పారు. ఉప్పు బాగా తగ్గించాలి. నీళ్లు కొలిచి తాగించాలి. టమాటా, అరటిపండు, కొబ్బరిబోండాం ఎళనీరు, మామిడిపండు వద్దు. కూరగాయలు తరిగి, బాగా నీళ్లు పోసి ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండాలి. ఈ చివరి మాట దగ్గర మాత్రం ఆమె మొహం మాడింది.

"ఉడికిన నీళ్లు పారబోసేదా? రుచంతా దాంట్లోనే కదమ్మా ఉండేది!" అంది, పథ్యం చెప్పిన నర్సు పిల్లతో.

"రుచితో పాటు పొటాషియం కూడా దాంట్లోనే పోతుందమ్మా. అది ఒంట్లో చేరితే గుండె ఆగిపోతుంది."

సరేనంది. నీళ్లు పారబోసిన కూరల్లో కూడా కొంచెం నూనె, మెంతులు, వెల్లుల్లి, నిమ్మరసం చుక్కలు వేసి నోటికి ఆనేలా చేయడం నేర్చుకుంది. శివప్ప కూడా తిన్నాడు. బండి ఎలాగో నడుస్తోందనుకుంది.

ఆ బండిని దారి తప్పించింది సూళగిరిలో పెట్టిన ఒక ఉచిత వైద్య శిబిరం.

శివప్ప అక్క సుబ్బక్క అదే వీధిలో ఉండేది. తమ్ముడంటే ప్రాణం, మరదలంటే అనుమానం. ఆమే శివప్పను శిబిరానికి తీసుకుపోయి రక్తం ఇప్పించింది. మర్నాడు కాగితం చూసిన కుర్ర డాక్టరు, ఈయన డయాలసిస్ మనిషని తెలిసీ, అందరికీ చెప్పే మాటే చెప్పాడు. చెడ్డ కొలెస్ట్రాల్ ఫర్వాలేదు, మంచి కొలెస్ట్రాల్ మటుకు బాగా తక్కువగా ఉంది, ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు ఎక్కువగా ఉంది, గుండెకు ముప్పు, నూనె, గుడ్డు, మాంసం మానేయండి, రాత్రి పడుకునే ముందు ఈ మాత్ర వేసుకోండి అన్నాడు. వెనక వరస పెద్దది. ఆయన అంతకంటే చెప్పలేదు.

సుబ్బక్క నేరుగా మంజులమ్మ వంటింటికి వచ్చింది.

"విన్నావా? రక్తంలో అంతా కొవ్వే అంట. ఊరోళ్లకి నెయ్యి పోసినట్లు ఇంట్లో కూడా పోస్తివి. కిడ్నీ పోయె. ఇంగ గుండె కూడా పోగొట్టేవరకూ ఊరుకోవా నువ్వు?"

మంజులమ్మ పొయ్యి ఆర్పి అక్కడే కూర్చుంది. పెళ్లిళ్లలో మిగిలిన ఒబ్బట్లు, వడలు ఇంటికి తెచ్చిన రోజులు గుర్తొచ్చాయి. అతను ఇష్టంగా తింటుంటే మళ్లీ వడ్డించిన రోజులూ గుర్తొచ్చాయి. నిజమేనేమో, నా చేత్తో నేనే పెట్టినానేమో అనుకుంది. సాయంత్రానికల్లా నూనె డబ్బా అటక మీదికి పోయింది. గుడ్లు మానేసింది. ఆదివారం కోడికూర మానేసింది.

ఉప్పు లేదు, నీళ్లు పారబోసిన కూర, ఇప్పుడు పోపు కూడా లేదు. వందల మందికి వండి మెప్పించిన మనిషి, ఒక్క మగడి ముందు గిన్నె పెట్టడానికి సిగ్గుపడే పరిస్థితి వచ్చింది. శివప్ప నాలుగు ముద్దలు తిని కంచం జరిపేవాడు.

"తిను మామా. గుండెకి మంచిదంట."

"గుండెకి మంచిదే. నోట్లోకి పోవల్ల కదా!"

"నా ప్రాణం తీయొద్దు. రొంత తిను."

ఆ మాత్ర సంగతి అడుగుదామని కృష్ణగిరిలో డయాలసిస్ చూసే డాక్టరమ్మ కోసం కాచుకుంది. ఆమె పేరు నళిని, కుప్పం వైపు మనిషి, మంచి డాక్టరని పేరు. కాకపోతే మూడు ఊళ్లలో మిషన్లు ఆమే చూసుకోవాలి. వారానికొకసారి వచ్చి మంచం మంచం తిరిగి, పడమటి గాలిలా వెళ్లిపోయేది. మంజులమ్మ మాత్రల అట్ట చూపించింది.

"ఇది ఎవరిచ్చినారు? డయాలసిస్ మొదలైన తర్వాత ఇది కొత్తగా మొదలుపెడితే పెద్దగా ఉపయోగం కనపడలేదమ్మా. ముందునుంచీ వేసుకునేవాళ్లయితే ఆపము. ఈయనకి వద్దు, ఆపేయండి."

"మరి నూనె, గుడ్డు డాక్టరమ్మా..."

డాక్టరమ్మ ఫోను మోగింది. ఇంకో ఊళ్లో ఎవరికో బీపీ పడిపోయిందట. మాట్లాడుతూనే మెట్లు దిగి వెళ్లిపోయింది. మంజులమ్మ చేతిలో అట్ట అలాగే ఉండిపోయింది.

మాత్ర వద్దంది కానీ నూనె పోయమనలేదు. అందుకని మాత్ర ఆపింది, నూనె మాత్రం అటక మీద నుంచి దించలేదు. మాత్ర ఆపేసిందని తెలిసి సుబ్బక్క మళ్లీ రేగింది. శిబిరం డాక్టరు చెప్పిందాన్ని కాదనే మొనగత్తెవా నువ్వు అంది. సూళగిరిలో దగ్గే వచ్చినా జ్వరమే వచ్చినా వీళ్లు చూపించుకునే డాక్టరును అడిగితే, వేసుకుంటే నష్టమేముంది అన్నాడు. ఒకరు వేసుకోమంటారు, ఒకరు వద్దంటారు, ఒకరు వేసుకుంటే పోయేదేముందంటారు. పిండి ఎక్కువైందంటే నీళ్లు పోస్తాం, నీళ్లు ఎక్కువయ్యాయంటే పిండి వేస్తాం, అసలు కొలత ఎవరూ చెప్పరేమని ఆమె బెంచీ మీద పక్కవాళ్లతో అరిచేది. పక్కవాళ్లకూ తెలియదు. వాళ్లకూ ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పారు.

నెలలు గడిచాయి. శివప్ప చొక్కాలు వదులయ్యాయి. దవడలు లోపలికి పోయాయి. అయినా డయాలసిస్ హాల్లో బరువు చూసే టెక్నీషియన్ సెల్వం ప్రతిసారీ ఒకే మాట చెప్పేవాడు.

"బరువు కరెక్టుగా ఉందక్కా. నీళ్లు తీసినాక ఎంత ఉండాలో అంతే ఉన్నాడు."

"అట్లయితే మెట్లెక్కితే ఎందుకప్పా అట్ల రొప్పుతాడు?"

"రక్తం తక్కువ కదక్కా. దానికే."

అదీ నిజమే అయి ఉండొచ్చు. రాత్రి దిండ్లు ఎత్తుగా పెట్టుకుంటే గాని శివప్పకు నిద్ర పట్టేది కాదు. గ్యాసు అన్నాడు అతను. మంజులమ్మ జీలకర్ర నమలమంది.

ఆ మాఘంలో హోసూరులో ఒక పెద్ద పెళ్లి ఒప్పుకుంది. ముహూర్తం ఆదివారం. శుక్రవారం డయాలసిస్ అయింది, మళ్లీ సోమవారమే. నీళ్లు తీయని ఆ మధ్య రెండు రోజులూ శివప్పకు ఎప్పుడూ కష్టంగానే ఉండేది. ఇంట్లో ఉండమంటే వినలేదు. ఇంట్లో ఉంటే సుబ్బక్క వచ్చి చెప్పే చిట్కాలు వినలేకే చస్తానన్నాడు. సరుకుల గది ముందు కుర్చీ వేసి వెల్లుల్లి ఒలవమని కూర్చోబెట్టింది.

పెళ్లివారు టిఫిన్లు ముగించి పైకి వెళ్లారు. మంజులమ్మ పెనం మీద ఒబ్బట్టు తిప్పుతూ ఎందుకో తల తిప్పి చూసింది. వెల్లుల్లి పళ్లెం కింద బోర్లా పడి ఉంది. శివప్ప రెండు చేతులతో కుర్చీ పట్టుకుని ముందుకు వంగి ఉన్నాడు. చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది.

"ఏమైంది మామా? ఎదలో నొప్పా?"

"నొప్పి లేదే. దవడ లాగతా ఉండాది. గాలి... గాలి ఆడలేదు."

చుట్టూ చేరిన వాళ్లలో ఒకరు సోడా తెమ్మన్నారు. ఒకరు ఎదనొప్పి లేదు కదా, గ్యాసే అన్నారు. సోడా గ్లాసు నోటి దాకా వచ్చింది. మంజులమ్మ దాన్ని తోసేసింది. ఇన్నాళ్లూ గ్యాసు గ్యాసు అని తానే అన్న మాట ఆ క్షణంలో ఆమెకు అసహ్యమేసింది.

"పొయ్యిలార్పండి! ఆటో పిలవండి! పెళ్లోళ్లు ఏమన్నా అననీ."

పెనం మీది ఒబ్బట్టు మాడిన వాసన వస్తుండగానే ఆమె అతన్ని ఆటోలోకి ఎక్కించింది. మిగిలిన వంట కింది మనుషులే ఎలాగో కానిచ్చారు. సారులో ఉప్పు ఎక్కువైందని పెళ్లివాళ్లు తర్వాత చాన్నాళ్లు చెప్పుకున్నారు.

హోసూరు ఆసుపత్రిలో ఈసీజీ తీసి గుండెపోటన్నారు. ఊపిరితిత్తుల్లో నీళ్లు నిండాయన్నారు. ముందు అక్కడే డయాలసిస్ చేసి నీళ్లు లాగి, మర్నాడు గుండె రక్తనాళాలు పరీక్ష చేసి, మూసుకుపోయిన చోట స్టెంటు పెట్టారు. మామూలు కంటే చాలాసేపు పట్టింది. గుండె డాక్టరు దేవేంద్ర బయటికి వచ్చి ఆమెను కూర్చోబెట్టి, కంప్యూటర్ తెర మీద బొమ్మ చూపించాడు.

"ఈ తెల్లగా గీతల్లాగా కనపడేది చూడమ్మా. సున్నం. నాళం గోడలంతా సున్నం పట్టి గట్టిగా అయిపోయినాయి. అందుకే స్టెంటు పోయేకి కష్టమైంది."

"కొవ్వు కాదా సారూ?"

"కొవ్వూ ఉంటుంది. మీ ఆయన మాదిరి డయాలసిస్ వాళ్లకి కొవ్వు ఒక్కటే కారణం కాదు. కిడ్నీ పనిచేయకపోతే ఒంట్లో ఫాస్ఫరస్ చేరుతుంది. అది, కాల్షియం కలిసి నాళాల్లో ఇట్లా గడ్డకడతాయి. బీపీ ఉంది. ఒంట్లో నీళ్లు ఎక్కువై గుండె ఉబ్బింది. వీళ్లకి కొలెస్ట్రాల్ కాగితం బాగున్నా గుండెపోటు వస్తుందమ్మా."

ఆయన మళ్లీ కాగితాలు తిప్పి చూశాడు.

"ఇప్పుడు కొలెస్ట్రాల్ మరీ తక్కువగా ఉంది. ఇది సంతోషపడాల్సింది కాదు. తిండి లేక తగ్గింది. ఒంట్లో ప్రోటీను పడిపోయింది. ఇంతగా ఎండబెట్టినారు, ఎవరమ్మా ఈయనకి తిండి చూసేది?"

ఎవరు చూసేదని! మంజులమ్మ జవాబు ఆ వరండా అంతా వినపడింది.

"నేనే సారూ! నేనే ఎండబెట్టినా! గుడ్డు వద్దంటిరి, మాంసం వద్దంటిరి, నూనె వద్దంటిరి. మీ మాదిరి డాక్టరే చెప్పినాడు. కోడిగుడ్డు ఇంట్లోకి తేలేదు నేను. పోపు పెట్టలేదు. ఆ మనిషి కంచం ముందర కూర్చోని ఏడ్చినాడు, అయినా పెట్టలేదు. ఇప్పుడు ఎందుకు పెట్టలేదని నన్ను అడుగుతారా?"

డాక్టరు కోప్పడలేదు. తప్పు మీది కాదమ్మా అన్నాడు. మామూలు మనుషులకు చెప్పే పథ్యం వీళ్లకు అట్లనే అతికించకూడదని, గుడ్డు తెల్లసొన రోజూ పెట్టమని, కోడి, చేప కొద్దిగా పెట్టమని, నూనె మితంగా వాడితే ఏమీ కాదని, నూనెలో వేయించిన తినుబండారాలు, తీపి మాత్రం తగ్గించమని చెప్పాడు. శిబిరంలో ఇచ్చిన కొలెస్ట్రాల్ మాత్రే మళ్లీ రాసిచ్చాడు. స్టెంటు పడింది కాబట్టి వేసుకోవాలన్నాడు.

"కృష్ణగిరిలో డాక్టరమ్మ ఆపమనింది కదా సారూ!"

"అప్పుడు స్టెంటు లేదు. ఇప్పుడు ఉంది."

వార్డులో శివప్ప నీరసంగా పడుకుని ఉన్నాడు. మంజులమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, నిన్ను ఆకలితో చంపితినే మామా అని మెల్లగా అంది. శివప్ప అటు ఇటు చూశాడు.

"ఒగ మాట చెప్తే అరిచేది లేదు."

"ఏంది?"

"కృష్ణగిరి బస్టాండులో... మిషను దిగినాక ఆకలి తట్టుకోలేక బజ్జీలు తింటా ఉంటిని. నువ్వు బస్సులో సీటు పట్టేకి పోయినప్పుడు."

ఆమె అరవనూ లేదు, ఏడవనూ లేదు. ఇంట్లో నూనె చుక్క పడకుండా చూసిన తాను ఒకవైపు, రోడ్డు మీద ఎన్నిసార్లు కాచిందో తెలియని నూనెలో వేగిన బజ్జీ, దాని ఉప్పు, దాంతో వచ్చే దాహం ఇంకోవైపు. "చెప్పింటే నేనే వేసిచ్చేదాన్ని కదరా" అంది. మగణ్ణి ఆమె అలా పిలవడం అదే మొదలు. అతను నవ్వబోయి దగ్గాడు.

కృష్ణగిరికి తిరిగి వచ్చిన మొదటి రోజే మళ్లీ అదే తంతు. కొత్త మందులు చూసిన సెల్వం, ఈ మాత్ర మేడం ఆపమన్నారు కదక్కా అన్నాడు. బరువు చూసి, కరెక్టుగా ఉందన్నాడు. మంజులమ్మ ఓపిక ఆ మాటతో అయిపోయింది.

డాక్టర్ నళిని వచ్చే రోజు చూసుకుని, ఆమె గది తలుపు దగ్గర కాచుకుని, లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చుంది. పిలవకుండా ఎవరూ అలా కూర్చోరు.

"ఏమ్మా, వార్డులోకి వస్తా కదా. బయట ఉండండి."

"నేను పోను డాక్టరమ్మా. ఈ దినం నాకొగ మాట తేలల్ల. హోసూరులో గుండె డాక్టరు ఫోన్ నంబరు ఇదో. ఆయన మాత్ర వేయమంటాడు. మీరు వద్దంటిరి. మీరిద్దరూ ఒగ మాట మాట్లాడుకోండి. అంతవరకూ నేను ఈడే ఉంటాను."

"ఇట్లా కుదరదమ్మా. వరసలో ఎంతమంది ఉన్నారో చూడండి."

"నా మగడు ఒగడే ఉండాడు నాకు."

తలుపు దగ్గర నర్సు లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడింది. నళిని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆమె కూడా పొద్దున్నుంచి ఏమీ తినలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. చివరికి ఫోను తీసుకుని నంబరు కలిపింది.

ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. మంజులమ్మకు అర్థమైంది మాత్రల పేరొక్కటే. ఆమె చూస్తుండగా నళిని మొహం మారింది. అవతలి మాట వింటూ శివప్ప ఫైలు దగ్గరికి లాక్కుని, వెనక్కి తిప్పి, ఒకచోట ఆగి, వేలు పెట్టి ఉంచింది. పాలు పొంగేంత సేపు కూడా పట్టలేదు ఆ మాటలకు.

"ఆ మాత్ర వేసుకోనివ్వండి. గుండెపోటు వచ్చి స్టెంటు పడింది కాబట్టి ఆయన చెప్పిందే సరి. ఇంకొకటి..." నళిని ఒక్క నిమిషం తటపటాయించింది. "నీళ్లు తీసినాక ఉండాల్సిన బరువని మేము ఒకటి పెట్టుకుంటాం కదా. అది మొదట్లో పెట్టింది. తర్వాత ఈయన కండ తగ్గిపోయింది. కండ పోయిన చోట నీళ్లు చేరినాయి. కాటా మీద రెండూ కలిపి అదే బరువు చూపించింది. మధ్యలో తిరిగి చూసుకుని తగ్గించి ఉండాల్సింది. మేము చూడలేదు."

మంజులమ్మకు ఆ మాట దిగడానికి కాస్త సమయం పట్టింది.

"అంటే... కరెక్టుగా ఉండాడు, కరెక్టుగా ఉండాడు అని సెల్వం చెప్తా ఉంటే, లోపల నీళ్లు ఉన్నాయా?"

"ఉన్నాయి."

"నాకు కనపడె కదమ్మా సన్నబడింది! మీకు కనపడలేదా?"

నళిని ఫైలులో పాత బరువును కొట్టేసింది. నెమ్మదిగా, ప్రతిసారీ కొంచెం కొంచెంగా ఎక్కువ నీళ్లు తీసి ఆ బరువు తగ్గిస్తామని, దానికోసం మిషను మీద ఇంకొంచెం సేపు ఉంచుతామని చెప్పింది. తర్వాత, మొదటినుంచీ ఇస్తున్న ఫాస్ఫరస్ తగ్గించే మాత్రలు ఎట్లా వేసుకుంటున్నాడని అడిగింది.

"పొద్దున్నే పరగడుపున. అన్ని మాత్రలూ ఒగ గుక్కతోనే మింగతాడు. నీళ్లు తక్కువ తాగల్ల కదా, అందుకని."

నళిని నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. "అది అన్నంతో పాటు వేసుకోవాలమ్మా. తిండిలోని ఫాస్ఫరస్‌ని కడుపులోనే పట్టుకునే మాత్ర అది. ఖాళీ కడుపుతో వేసుకుంటే పట్టుకునేకి ఏముంటుంది?"

"ఎవరు చెప్పినారు మాకు?" అని మంజులమ్మ గొంతు పెంచింది. బయటికి వచ్చి శివప్పను అడిగితే, సెల్వం ఎప్పుడో మొదట్లో చెప్పాడని, తాను మరిచిపోయానని ఒప్పుకున్నాడు. ఆమె ఎవరి మీద అరవాలో తెలియక బెంచీ మీద కూర్చుండిపోయింది. ఇంత గొడవా, ఇంత ప్రాణభయమూ, ఇద్దరు డాక్టర్లు ఒకసారి ఫోన్లో మాట్లాడుకుంటే తేలే మాట కోసమా అనిపించింది. ముందే మాట్లాడుకుని ఉంటే అనిపించింది. తాను ముందే ఆ కుర్చీలో కూర్చుని ఉంటే అని కూడా.

ఆ వారాల్లో శివప్పకు నరకమే. నీళ్లు ఎక్కువ తీస్తుంటే కాళ్ల పిక్కలు పట్టేసేవి. ఒకటి రెండుసార్లు బీపీ పడిపోయి కళ్లు తేలేశాడు. సెల్వం పరుగెత్తి వచ్చి కాళ్లు ఎత్తి పట్టుకునేవాడు. మెల్లగా ఒక దిండుతో నిద్రపోగలిగాడు. మెట్లు ఆగకుండా ఎక్కగలిగాడు. నూనె డబ్బా అటక దిగింది. తెల్లసొనల్లో మిరియాల పొడి, కరివేపాకు వేసి ఆమె రోజూ వేయించి పెడుతుంటే దవడలు కాస్త నిండాయి.

సుబ్బక్క ఒకరోజు వంటింటి గడప దగ్గరే నిలబడి, పోపు చిటపటలు విని ముక్కు మీద వేలేసుకుంది.

"మళ్లీ మొదలుపెట్టినావా? స్టెంటు వేసిన గుండెకి నూనె పోస్తావా? మా వీధిలో అందరూ వెల్లుల్లి నీళ్లు తాగతా ఉండారు, కొవ్వు కరుగుతాదంట. ఆ నీళ్లన్నా ఇయ్యి."

"వదినా, నీ తమ్ముడికి నీళ్లే విషము. నువ్వు నీళ్లు తెస్తానంటావు!" గరిటె పట్టుకునే బయటికి వచ్చింది మంజులమ్మ. "కొవ్వు కాదు వదినా, సున్నము. నీళ్లు. బీపీ. నడుముకని మింగిన నొప్పి మాత్రలు. నా వంట ఒగటే కాదు. నీకు అంత ప్రేమ ఉంటే శుక్రవారం నువ్వు రా ఆసుపత్రికి. పొద్దు గుంకేదాకా ఆ బెంచీ మీద కూర్చో. నేను పనికి పోతాను."

సుబ్బక్క అలిగి వెళ్లిపోయింది. ఆ శుక్రవారం రాలేదు. తర్వాతి శుక్రవారం, ఎవరూ పిలవకుండానే, చీర కొంగున తమలపాకులు కట్టుకుని బస్టాపులో నిలబడి ఉంది. బెంచీ మీద పొద్దు గుంకేదాకా కూర్చుంది. తమ్ముడి చేతికి గుచ్చిన లావు సూదులు ఆమె అంతకుముందు చూడలేదు. ఆ తర్వాత కూడా మరదల్ని అనడం మానలేదు గాని, నూనె మాట మాత్రం ఎత్తలేదు.

ఇదంతా జరిగి రెండేళ్లు కావస్తోంది. శివప్ప గుండె ఇప్పుడు సగం బలంతోనే కొట్టుకుంటోందని డాక్టర్లు చెబుతారు. రెండు రోజులు మిషను లేక గడిచిన సోమవారం పొద్దున లేస్తూనే మంజులమ్మ ముందు అతని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తుంది. దూరం పెళ్లిళ్లు వదిలేసింది. కృష్ణగిరి అవతల పోచంపల్లి వైపు నుంచి ఎవరో పెద్దింటివాళ్లు వచ్చి బతిమాలినా రానంది. ముహూర్తం డయాలసిస్ రోజున పడితే ఎంత దగ్గరైనా ఒప్పుకోదు. ఆమె చేతికింద పని నేర్చినవాళ్లు ఇప్పుడు సొంతంగా వంటలు పట్టుకుని ఆమె పేరే చెప్పుకుంటున్నారని విన్నప్పుడు లోపల మండుతుంది. పైకి మాత్రం, చేసుకోనీ అంటుంది.

మొన్న మళ్లీ రక్తం తీశారు. నళిని కాగితం చూసి, ఫాస్ఫరస్ తగ్గిందని సంతోషించింది. ప్రోటీను పెరిగిందంది. ట్రైగ్లిజరైడ్లు మాత్రం అప్పుడెంత ఉన్నాయో ఇప్పుడూ దాదాపు అంతే ఉన్నాయంది.

"బజ్జీ కూడా మానేసినాడు కదమ్మా. తీపి మానేసినాడు. ఇంగేం మానాల?"

"డయాలసిస్ వాళ్లలో చాలామందికి ఇట్లే ఉంటుంది మంజులమ్మా. ఒంట్లో కొవ్వును కరిగించే పనే సరిగ్గా జరగదు. తిండితో కొంతవరకే."

"దానికేం చేస్తారు?"

"చూద్దాం. మూడు నెలలకి మళ్లీ రక్తం తీద్దాం."

"దాంతో మళ్లీ గుండెపోటు వస్తాదా?"

నళిని ఆమె కళ్లలోకి చూసి, "రాదని నేను చెప్పలేనమ్మా," అంది. ఈసారి ఫోను మోగినా తీయలేదు. ఇంకేమైనా అడుగుతుందేమోనని ఆగింది. మంజులమ్మ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని లేచింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన శివప్ప, ఇవతల ఆమె. మిషను దిగిన నీరసంలో అతను కళ్లు మూసుకునే అడిగాడు.

"ఏం చెప్పె డాక్టరమ్మ?"

"ఏముంది. అది బాగుండాదంట, ఇది బాగలేదంట. చూద్దామనింది."

"అంతేనా?"

"అంతే. ఇన్నేండ్లుగా చూస్తానే ఉండారు కదా." ఆమె అతని చెయ్యి తీసి, సూదులు గుచ్చిన చోట కట్టు తడిసిందేమో చూసింది. తడవలేదు. "రేపు కోడి తెస్తాను. రెండు ముక్కలే. మూడోది అడిగితే మాత్రం ఊరుకోను."

"రెండూ పెద్దవి వెయ్యి," అన్నాడు శివప్ప.

సూళగిరి స్టాపు దాటిపోతుంటే ఆమె లేచి కండక్టర్ మీద అరిచింది. బస్సు కొంచెం ముందుకు పోయి ఆగింది.